ఎర్ర అంచు పొత్తిగుడ్డలు

మా అత్తవారింట్లో ఆశ పడే హక్కు మగవాళ్ళకే ఉండేది. మా మామగారు నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసేవారు. ఏటా చలి తగ్గకముందే విస్సన్నపేట నుంచి చింతలపూడి దాకా తోటలన్నీ తిరిగి, కొమ్మల మీద పూత చూసి రాబోయే కాపు మొత్తం కొనేసేవారు. ఇంకా పిందె కూడా పడని చెట్లకు బయానా ఇచ్చి, మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చేవారు. దాన్ని అందరూ ధైర్యం అనేవారు. అదే చలికాలంలో, ఐదో నెల కడుపుతో ఉన్న నేను బిడ్డ గురించి ఒక్క మాట ఎత్తితే అపశకునం అనేవారు.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. అంతకుముందు నాకు రెండు పోయాయి. మొదటిది మూడో నెలలోనే. రెండోది ఏడో నెలలో, పుట్టింట్లో. నాకు చూపించకుండానే తీసుకెళ్ళిపోయారు. మగబిడ్డ అని తర్వాత ఎవరో అంటుంటే విన్నాను. ఆసారి మా అమ్మ ముచ్చటపడి ముందే ఉయ్యాల కొని పెట్టింది. అందుకే ఇలా అయిందని మా అత్తగారు తేల్చేశారు. కాబట్టి ఈసారి శ్రీమంతం లేదు, పుట్టింటికి పంపడం లేదు. ఎన్నో నెల అని ఎవరైనా అడిగితే ఆవిడే అడ్డం వచ్చి మాట మార్చేసేవారు.

నేను ఊరుకునే రకం కాదు. ఒకరోజు భోజనాల దగ్గర, పురిటికి ఏమేం కావాలో చీటీ రాద్దామని మా ఆయనతో అన్నాను. మామగారు విస్తట్లోంచి తల ఎత్తకుండా, "పూసిన పూతంతా కాయవుతుందా అమ్మా?" అన్నారు.

"మరి పూత చూసి తోటలెందుకు కొంటారు మామయ్యగారూ?" అన్నాను.

మజ్జిగ పోస్తున్న అత్తగారు గిన్నె ఠపీమని కింద పెట్టారు. మా ఆయన అన్నం మెతుకులు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నారు. పెళ్ళిపీటల మీద పంతులుగారు పలికించిన మంత్రాలు తప్ప, వాళ్ళ నాన్న ఎదుట ఆయన గట్టిగా పలికిన మాట నేనెప్పుడూ వినలేదు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది" అన్నారు అత్తగారు. చూలు ఉందండీ, మీ కళ్ళెదురుగానే ఉంది అనబోయి, ఆ మాట మజ్జిగతో పాటు మింగేసి లేచిపోయాను.

ఏడో నెల వచ్చేసరికి నాకు భయం పట్టుకుంది. రోజూ పొద్దున్నే కడుపు మీద చెయ్యి వేసుకుని, బిడ్డ కదిలేదాకా పక్క మీంచి లేచేదాన్ని కాదు. కదిలితే ఆ రోజుకి గండం గడిచినట్టే. అలా రోజులు పోగేసుకుంటూ ఏడో నెల దాటాను. దాటిన రోజున ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, మా ఆయన కూడా. ఆ ఒక్కరోజు ఎవరైనా నాతో కలిసి సంతోషపడి ఉంటే బాగుండేది. ఆ కోపంతోనే మా అమ్మ పాత నేతచీర ఒకటి చింపి, పుట్టిన బిడ్డను చుట్టడానికి నాలుగు పొత్తిగుడ్డలు చేశాను. పొత్తిగుడ్డకి అంచు ఎవరూ కుట్టరు. నేను కుట్టాను, ఎర్ర దారంతో, నాలుగు వైపులా. కుడుతున్నంతసేపూ బిడ్డ బతుకుతుందని నమ్మకంగా ఉండేది. సూది పక్కన పెడితే ఆ నమ్మకం పోయేది.

వాటిని కాయల కొట్టులో ఒక ఖాళీ బుట్టలో, గడ్డి కింద దాచాను. కోతలు మొదలైతే అందరూ ముందు తీసేది ఖాళీ బుట్టలేనని నాకు తట్టలేదు. మామిడికాయల ఇంటి కోడలివి, ఆ మాత్రం తెలియదా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

అవి అత్తగారికి దొరికి, ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఆవిడ అరవలేదు, తగలబెట్టనూ లేదు. పనికొచ్చే గుడ్డను పారేసే మనిషి కాదు. "మెత్తగా ఉన్నాయి, సొన తుడవడానికి బాగుంటాయి" అని కొట్టులో పనిచేసే ఆడవాళ్ళకి ఇచ్చేశారు. కోసిన కాయ తొడిమ దగ్గర కారే సొన ఒంటికి తగిలితే చర్మం కాలి పొక్కుతుంది. కాయ మీద అది మచ్చ చేయకుండా తుడిచి, కింద గడ్డి, పైన గడ్డి వేసి, చిన్న రసాలను బుట్టల్లో సర్దేవారు. కాయకి దెబ్బ తగలకూడదు కదా! గుమ్మంలో నిలబడి నా గుడ్డలు నల్లబడటం చూశాను. అత్తగారిని అడిగితే, "ఇంకా నయం, నా కంట పడ్డాయి" అన్నారు.

మే నెలలో, లారీకి లోడు ఎత్తుతుండగా నాకు నొప్పులు వచ్చాయి. ఆసుపత్రి ఊళ్ళోనే. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టి, గట్టిగా ఏడ్చింది. అది విని నేనూ ఏడ్చాను. నర్సమ్మ తలుపు తీసి గుడ్డలడిగింది. బయట ఎవరి దగ్గరా ఒక్క గుడ్డా లేదట.

"ఇదేంటండీ, బిడ్డ పుడుతుందని మీకు తెలీదా?" అంది నర్సమ్మ.

ఆ మాట నాకు లోపలికి వినపడింది. మా ఆయన సైకిలెక్కి ఇంటికి పోయి, కొట్టులో ఎర్ర అంచు గుడ్డ కనపడితే, నేను బిడ్డ కోసం కుట్టింది ఇదేగా అని, పంపు కింద ఉతికి పిండి తెచ్చారు. వడగాలికి అది దారిలోనే ఆరిపోయిందట. ఉతికితే సొన పోదని మామిడికాయల వ్యాపారి కొడుక్కి తెలియదా? సంతోషంలో తోచలేదన్నారు. నా ఆశను ఆయన నమ్మింది ఆ ఒక్కసారే.

మర్నాటికి పిల్ల ఎడమ బుగ్గ కంది, పొక్కింది. పుండు మానడానికి నెల పట్టింది. చింతగింజంత నల్లమచ్చ మాత్రం ఉండిపోయింది.

అత్తగారు ఆ మచ్చకి దణ్ణం పెట్టుకున్నారు. దేవుడే దిష్టిచుక్క పెట్టి పంపాడని, అందుకే పిల్ల నిలిచిందని ఊరంతా చెప్పారు. ముందుగా ఏమీ కొనకపోబట్టే దక్కిందని మామగారు అనేవారు. నేను ఎదురు చెప్పలేదు. రెండు పోగొట్టుకున్నదాన్ని, ఒకవేళ వాళ్ళ మాటే నిజమేమో అన్న భయం నాకూ ఉండేది. అది ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పిల్లకి ఐదేళ్ళు వచ్చాయి. బళ్ళో ఎవరో ఏడిపించారని వచ్చి, "అమ్మా, ఇది దేవుడే పెట్టాడా?" అని బుగ్గ చూపించి అడిగింది. అత్తగారు పక్కనే కూర్చుని మగ్గిన పళ్ళు ఏరుతున్నారు.

"కాదు. నీకోసం నేను గుడ్డలు కుట్టి దాచాను. మీ నాయనమ్మ వాటితో కాయల సొన తుడిపించింది. ఆ గుడ్డే నీకు చుట్టారు" అన్నాను.

అత్తగారు చేతిలో పండు పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నారు. పిల్ల మాత్రం ఆవిడ సంగతే పట్టించుకోలేదు.

"నాకోసం కుట్టావా? నేను పుట్టకముందే?" అంది.