సోంబరు కుడిపక్క అద్దాలు

సోంబరు ఎండలో పెట్టి చూడనిదే ఏ వస్తువూ కొనడు. గొడుగైనా అంతే, చెప్పులైనా అంతే, బెల్లమైనా అంతే. అరకు సంతలో గొడుగులమ్మేవాడు అతన్ని దూరం నుంచి చూడగానే సరుకు సర్దేసుకుంటాడు. ఎందుకంటే సోంబరు ఒక గొడుగు విప్పి, దాని కింద చతికిలబడి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "ఆగు, ఇంకా సూత్తన్నాను" అంటూ మిట్టమధ్యాహ్నం దాకా కదలడు. అంతసేపు బోణీ చెయ్యకుండా కూచుంటే ఏ వ్యాపారికి మాత్రం ఒళ్ళు మండదు!

కూతుర్ని చూసుకోవడానికి వచ్చిన కుర్రాణ్ణి కూడా ఎండలో నిలబెట్టాడని ఊళ్ళో చెప్పుకుంటారు. నేను అడిగేశాను.

"నిలబెట్టనేదు సావుకారూ, కూకోమనే అన్నాను. బల్ల ఎండలో ఉంటే నానేటి సేసేది?"

ఆ కుర్రాడు రెండు గంటలు చెమటలు కక్కుతూ కూడా ఒక్కసారి విసుక్కోలేదట. ఇప్పుడు అల్లుడు. నిజంగానే మంచివాడు. "మరి సూసేవా!" అంటాడు సోంబరు.

నా పేరు గణపతిరావు. శృంగవరపుకోట నుంచి కొండెక్కి వచ్చి పన్నెండేళ్ళుగా అరకులో కార్ల సామాన్ల కొట్టు నడుపుతున్నాను. సీటు కవర్లు, హారన్లు, అద్దాలకి అంటించే ఫిల్ములు నా సరుకు. నాకు ఓపిక తక్కువ. మా ఆవిడ రత్నాలునడిగితే అసలే లేదంటుంది. అలాంటి నా కొట్టు ముందుకి, దసరా వెళ్ళిన వారానికి, సోంబరు జనాన్ని ఎక్కించుకు తిప్పే తన పాత వ్యాను తెచ్చి ఆపాడు.

"అద్దాలకి ఫిల్ము ఎయ్యాల సావుకారూ. మంచిదవ్వాల, సవకదవ్వాల."

"పిండి కొద్దీ రొట్టె, సోంబరూ. ఆ రెండూ ఒకేదాంట్లో దొరికితే నేనే కొనుక్కుందును."

"నీకాడున్నయన్నీ ముక్కలు కోసియ్యి. ఎండలో పెట్టి సూత్తాను."

నా దగ్గరున్నవి ఐదు రకాలు. ఒక్కోదాంట్లోంచి అరచేతంత ముక్క కోయించాడు. తరవాత జేబులోంచి ఐదు గుడ్డపేలికలు తీశాడు. పసుపునీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టినవి. నిచ్చెన వేసుకుని నా కొట్టు కప్పు మీదికెక్కి, పేలికల్ని వరసగా పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో ఫిల్ము ముక్క కప్పి, రాళ్ళు పెట్టాడు.

పసుపు మరక సబ్బుకి పోదు, ఎండకి పోతుంది. ఈ సంగతి మా రత్నాలుకీ తెలుసు, గుడ్డలుతికే ప్రతి మనిషికీ తెలుసు. ఏ ఫిల్ము కింద పసుపు నిలుస్తుందో ఆ ఫిల్ము ఎండనాపినట్టు అని సోంబరు లెక్క. లెక్క బాగానే ఉంది. కానీ పది రోజులపాటు అతను రోజూ నా కప్పు మీదే ఉన్నాడు. కింద నేను గిరాకీతో బేరమాడుతుంటే పైనించి కేక వినపడేది.

"సావుకారూ, మూడోది ఎలిసిపోతంది!"

మూడో రకం కొనబోతున్నవాడు డబ్బు మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు.

పదో రోజున పేలికలన్నీ నా బల్ల మీద పరిచాడు. అన్నిటికన్నా నల్లటి ఫిల్ము కింది గుడ్డ పాలలా తెల్లబడింది. దాదాపు గాజులా కనిపించే ఖరీదైన ఫిల్ము కింది గుడ్డ మాత్రం పెళ్ళికూతురి పాదంలా పచ్చగా ఉంది. నలుపెంత ఉంటే చలవ అంత అని పన్నెండేళ్ళుగా ఊరందరికీ చెబుతూ వచ్చినవాణ్ణి నేనే.

"ఇదే కావాల" అన్నాడు పచ్చటి గుడ్డ చూపించి. ధర చెప్పాను. మొహం చిన్నబోయింది. మర్నాడు మళ్ళీ బేరానికి వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. ఇక నా వల్ల కాలేదు. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ ఖరీదైన ఫిల్ము పెట్టెలో కొంచెం లేత రంగున్న నాసిరకం చుట్ట పెట్టి, "నీకోసం ధర తగ్గించాను, పట్టుకుపో" అన్నాను. సోంబరు ఒక ముక్క కోయించుకుని నిచ్చెనెక్కాడు. వారం తరవాత దిగి, తెల్లబడిపోయిన పేలిక నా ముందు పెట్టాడు.

"పెట్టి మారిపోయినట్టున్నాది సావుకారూ" అన్నాడు.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తరవాత రెండు నెలలు కనబడలేదు. పీడ వదిలిందనుకున్నాను. మాఘమాసంలో దిగాడు.

"అసలైందే ఎయ్యి. కుడిపక్క రెండద్దాలకే."

"ఏటి? ఒకపక్కకేనా? బండికి కంట్లో పువ్వేసినట్టుంటాది!"

"నా దారికి కుడిపక్కే ఎండ."

నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు. ఈ రెండు నెలలూ వ్యానుకి రెండు పక్కలా పసుపు గుడ్డలు కట్టుకుని తిరిగాడట. పెదబయలు వైపు నుంచి పొద్దున్న అరకు వస్తుంటే ఎండ కుడిపక్క కొడుతుంది. సాయంత్రం వెనక్కి వెళ్తుంటే బండీ తిరుగుతుంది, సూర్యుడూ అటు తిరుగుతాడు కాబట్టి మళ్ళీ కుడిపక్కే. ఎడమపక్క గుడ్డ పచ్చగానే ఉందని తీసి చూపించాడు. మంచిదీ చవకదీ ఒకేదాంట్లో ఎలా దొరుకుతుందో నాకు అప్పుడు తెలిసింది.

అంటించడానికి ముందు ఇంకో పరీక్ష పెట్టాడు. ఫిల్ము ముక్క అద్దానికి ఆనించి, లోపల తన రేషన్ కార్డు పట్టుకుని, నన్ను రోడ్డు మీద నిలబెట్టి చదవమన్నాడు. అతని ఇంటిల్లిపాది పేర్లూ వయసులతో సహా బజారంతా వినేలా చదివాను.

"లోపలున్న మడిసి బయటికి అగుపించాల సావుకారూ. నేకపోతే పోలీసోళ్ళు పీకేత్తారు."

"ఇంతకీ ఎవరికోసం ఈ గోలంతా?"

"ఎండకోసం."

సబ్బునీళ్ళు చల్లి, రబ్బరు పలకతో ఒక్క బుడగ మిగలకుండా లాగి అంటించాను. అప్పుడు చెప్పాడు అసలు మాట. "మార్చిలో ఒక సోమారం నువ్వూ బండిలో రావాల. ఎండపక్కన నువ్వే కూకోవాల. నీ సరుకు గదా." ఇంకొకరైతే కొట్టులోంచి గెంటేసేవాణ్ణి. కానీ ఆ తెల్ల పేలిక ఇంకా నా సొరుగులోనే ఉంది.

మార్చి నెల సోమవారం. తెల్లవారకముందే బయల్దేరి, పెదబయలు వైపు కొండ మీది ఊళ్ళో ఒక ఇంటి ముందు ఆగాం. ఈశ్వరమ్మ అనే ఆవిడ, ఆమె వెనక తల నుంచి కాలి దాకా దుప్పటి కప్పుకున్న ఒక పిల్ల వచ్చి ఎక్కారు. పిల్ల పేరు గంగ. ఎడమ చివర కూచుని దుప్పటి తీసింది. పదహారేళ్ళుంటాయి. బుగ్గల మీద, చేతుల మీద కాలిన మచ్చలు. ఒళ్ళో హాల్ టికెట్టు.

"ఎండ పడితే దీని ఒళ్ళు బొబ్బలెక్కిపోద్ది బాబూ" అంది ఈశ్వరమ్మ. "పోయినేడు పదో తరగతి పరీచ్చలకి ఈ బండిలోనే ఎల్లింది. మొదటి రోజుకే ఒళ్ళంతా పొంగి ఆసుపత్రిలో పడింది. మరి రాయనేదు."

నేను సోంబరు వైపు చూశాను. అతను రోడ్డు వైపే చూస్తున్నాడు.

"అద్దం మూసేను, ఇంకేటీ అవదమ్మా అని నానే సెప్పేను సావుకారూ. అద్దంలోంచి కూడా ఎండ కాలుత్తాదని డాట్రు సెప్పేదాకా తెల్దు. పెపంచంలో అన్నీ ఎండలో పెట్టి సూసేను. నా బండద్దాన్నే సూణ్ణేదు."

ఆ కాలిన మచ్చల మీంచి చూపు తిప్పుకుని అడిగాను.

"మరి అన్ని పక్కలా గుడ్డ కట్టేస్తే పోయేది గదా?"

"గుడ్డ కట్టిన గదిలోనే ఏడాది కూకుంది గుంట. దారైనా సూడనీ."

సూర్యుడు కొండ దాటాడు. పొద్దుటి ఎండ వ్యాను కుడి నుంచి ఎడమ చివరి దాకా అడ్డంగా కొడుతోంది. నేను ఎండపక్కన కూచుని మాటిమాటికీ గంగ చేతులే చూస్తున్నాను. పెట్టెలో మార్చి ఇచ్చిన ఆ నాసిరకమే ఈ అద్దానికి ఉండి ఉంటే! రోడ్డు మలుపు తిరిగితే ఎండ ఎడమపక్కకి వస్తుంది. ఆ మలుపులన్నీ సోంబరుకి కంఠతా వచ్చు. ఒక్కోదానికీ రెండు క్షణాల ముందే "వంపు!" అని అరుస్తాడు. ఈశ్వరమ్మ చటుక్కున దుప్పటి అడ్డం పెడుతుంది. పదకొండు వంపులు దాటాం. పిల్ల చేతులు చల్లగానే ఉన్నాయి.

ఎనిమిదీ ముప్పావుకి చెక్‌పోస్టు దగ్గర ఆపారు. తొమ్మిదిన్నర దాటితే పరీక్ష గేటు మూసేస్తారు. అరకు ఇంకా అరగంట. ఆ దారిలో గంజాయి బళ్ళు పట్టుబడుతుంటాయి కాబట్టి హెడ్‌కానిస్టేబుల్ దేవీప్రసాద్ మా వ్యానుని చుట్టూ తిరిగి చూశాడు.

"ఒకపక్కే ఫిల్మేటి? ఈ పక్కన ఏటి దాత్తన్నారు?"

"ఏటీ నేదు బాబూ, ఎండ..."

"ఎండ నీకు ఒకపక్కే కాత్తాదేటి?"

కొట్టులో నేను నవ్వింది కూడా ఈ మాటకే. పైగా లోపల దుప్పటి. కుడి తలుపు బర్రున లాగాడు. ఎండ లోపలికి దూకింది. గంగ దుప్పటిలోకి ముడుచుకుంది. సోంబరు పరుగున వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. వీపు ఎండకి, మొహం లోపలికి. చేతులు రెండూ చాపి నీడయ్యాడు.

"అడ్డం లే! దుప్పట్లో ఏటుంది? ఫిల్ము పీకెయ్!"

"ఎలుతురు కొలిసే మీటరెట్టి సూడండి బాబూ. సగం ఎల్తే సాలని రూలు, సగానికి పైనే ఎలుతురు ఎల్తాది."

"మీటరు ఎస్సై గారికాడుంది. పదింటికొత్తారు. అప్పుడు దాకా ఉంటావా?" అంటూ దేవీప్రసాద్ కుడిపక్క వెనకద్దం దగ్గరకెళ్ళి ఫిల్ము మూల గోటితో లేపాడు. చిటుక్కుమంది. సోంబరు తలుపు దగ్గర నుంచి కదల్లేడు, కదిలితే పిల్ల మీద ఎండ. అక్కడి నుంచే అరిచాడు.

"గంగమ్మా, కాయితం అద్దానికెట్టు! బాబూ, ఒక్కపాలి సదవండి!"

గంగ దుప్పటితోనే ఇటు జరిగి, చెయ్యి చాపి హాల్ టికెట్టు ఆ అద్దానికి ఆనించింది. దేవీప్రసాద్ గోరు ఆగింది. బయట నుంచి, ఆ ఫిల్ములోంచి, బడిపిల్లాడిలా చదివాడు. "కొర్రా గంగ... పదో తరగతి... తెలుగు... తొమ్మిదిన్నర." వాచీ చూసుకున్నాడు. మళ్ళీ మొహం బిగించాడు. "అగుపిస్తన్నాది. అయినా మీటరు లేకండా వదిలేసి రేపేదైనా అయితే నా ఉద్యోగం..."

అప్పటిదాకా నేను సీటులో కిందికి జారి మొహం దాచుకున్నాను. కొట్టు మీదికి వస్తుందని భయం. ఏం బుద్ధి పుట్టిందో, ఎడమ తలుపు తీసుకుని దిగేశాను.

"ఆ ఫిల్ము నాదండీ. కొట్టూ నాదే. బండిని వదలండి, పిల్లని దింపి ఇక్కడికే వస్తాది. అప్పుడు దాకా నన్ను ఉంచుకోండి. మీటరు తప్పు చూపిస్తే నన్నే పట్టుకెళ్ళండి."

దేవీప్రసాద్ నన్ను ఎగాదిగా చూసి, లేపిన మూలని తనే బొటనవేలితో నొక్కి అంటించాడు. "బేగి ఎల్లు" అన్నాడు సోంబరుతో.

చెక్‌పోస్టులో నీడున్న చోట ఒకటే కుర్చీ, అందులో దేవీప్రసాద్. నాకు బయట రాయి. నాది బట్టతల, మార్చి ఎండ. మామూలుగా అయితే ఐదు నిమిషాలకి ఆయనతో తగువు పెట్టుకునేవాణ్ణి. ఆ రోజు తొమ్మిదిన్నర ఎప్పుడవుతుందా అని వాచీ చూసుకుంటూ నోరు మూసుకుని కూచున్నాను.

పదిన్నరకి వ్యాను తిరిగొచ్చింది. వెనకే ఎస్సై గారూ వచ్చారు. మీటరు పెట్టారు. సగానికి పైగానే వెలుతురు వెళ్తోందని చూపించింది. దేవీప్రసాద్ ఊపిరి నాకన్నా గట్టిగా వదిలాడు.

"తొమ్మిదీ ఇరవైకి గేటు దాటింది" అన్నాడు సోంబరు. "ఒక్క బొబ్బ నేదు."

తరవాత నా దగ్గరకొచ్చి, కందగడ్డలా కందిన నా నెత్తి మీద చెయ్యి పెట్టి, గొడుగుని చూసినట్టే చాలాసేపు చూశాడు.

"ఎలిసిపోనేదు సావుకారూ. నిలిసేవు."

వ్యానులోంచి తన గొడుగు తెచ్చి, విప్పి, నా మీద పట్టాడు.

"ఎల్లుండి హిందీ పరీచ్చ. ఎండపక్కన నువ్వే."