ముందుగాల తిను

కాక పోయాడని మందమర్రి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. నేను చెన్నూరులో టీచరును, బడికి బయలుదేరే హడావిడిలో ఉన్నాను. "అక్కా, కాక పొద్దుగాల పోయిండు" అన్నాడు. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "పక్కన ఎవ్వలున్నరు?" అని. "బాపు ఉన్నడు. ఇంకా చెయ్యి ఇడుస్తలేడు" అన్నాడు. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఎందుకో మీకు చెప్పాలంటే బొగ్గుబాయిలోకి దిగాలి.

కాక అంటే బాబాయే గానీ, మాకు రక్తసంబంధి కాడు. బాపుతో, అంటే మా నాన్నతో కలిసి, బొగ్గుగని బాయిలో పనిచేసేవాడు. మా వరుసలోనే ఆయన క్వార్టర్. భార్య తొందరగా చనిపోయింది, పిల్లలు లేరు. ఆ లోటంతా కాలనీ పిల్లల మీద పెత్తనం చేసి తీర్చుకునేవాడు. కాలనీ చర్చిలో సండే స్కూలు ఆయనదే. జేబులో ఎప్పుడూ పుట్నాలు ఉండేవి, వాటికి బీడీల వాసన అంటుకుని ఉండేది, అయినా మేం వదిలేవాళ్లం కాదు. షిఫ్టుకు దిగేముందు బాయి దగ్గర తోటివాళ్లను నిలబెట్టి ప్రార్థన చేసేవాడు. "భయం వద్దు. దేవుడు మనకంటే ముందుగాలనే లోపలికి దిగిండు" అనేవాడు. చర్చి మొహం చూడనివాళ్లు కూడా ఆ మాట కోసం టోపీ తీసి నిలబడేవారట.

డెబ్బైల్లో, నా చిన్నప్పుడు, ఒకరోజు బాయిలో పైకప్పు కూలబోతూ చప్పుడు చేసింది. కాక ముందున్నాడు, బాపు వెనక ఉన్నాడు. కాక పరుగెత్తాడు. బాపు కాలు మీద బండ పడింది. "తమ్మీ!" అని బాపు అరిచిన అరుపు కాకకు వినబడింది. వినబడినా ఆగలేదు. ఇది ఎవరో పుట్టించిన మాట కాదు, తర్వాత ఎన్నోసార్లు ఆయనే మా ముందు చెప్పింది. వేరేవాళ్లు వెళ్లి బాపును బయటికి తెచ్చారు. ప్రాణం దక్కింది, మోకాలి కింద కాలు దక్కలేదు.

కాక చర్చికి రావడం మానేశాడు. బాయి దగ్గర ప్రార్థన ఆగిపోయింది. మా గుమ్మం ముందు నడవాల్సి వస్తుందని క్వార్టర్ల వెనక నుంచి చుట్టూ తిరిగి పోయేవాడు. "ప్రార్థన జేసిన నోటితోని ఒక్క కేక ఏస్తే ఏం పోతుండె?" అని అవ్వ, మా అమ్మ, ఆయనకు వినబడేలాగే అనేది. ఆమె కోపం అన్యాయమని నేను ఇప్పుడు కూడా అనను.

బాపు దవాఖాన నుంచి చంకకర్రలతో వచ్చిన కొద్ది రోజులకే ఈస్టర్. తెల్లవారగానే అవ్వను చేపలు వేయించమన్నాడు. ఎవరి కోసమో అవ్వకు తెలుసు, పొయ్యి దగ్గరికి కూడా పోలేదు. "సరే, నేనే పోత" అని బాపు బయలుదేరాడు. చేపల సంచి పట్టుకుని వెనక నేను. కాక గుమ్మం ముందు ఆయన బొగ్గుల పొయ్యి చల్లగా పడి ఉంది. బాపు దాని పక్కనే కూలబడి రాజేశాడు. పచ్చి బొగ్గు పొగ ఎంత గట్టిదో కాలనీలో పుట్టినవాళ్లకు తెలుసు. పిలిస్తే రాని మనిషి దగ్గుకుంటూ బయటికొచ్చాడు.

"అన్నా, ఆ దినం నేను..." అని మొదలుపెట్టాడు. బాపు పొయ్యి మీద చేపలు కాల్చి, వేడి వేడి ముక్క ఆయన చేతిలో పెట్టాడు. "ముందుగాల తిను. అటెన్క మాట్లాడుదాం."

కాక తిన్నాడు. కన్నీళ్లూ చీమిడీ కలిపి తిన్నాడు. కారం ఎక్కువైందేమో అనుకున్నాను నేను. ఇంటికొచ్చాక అవ్వ మొహం తిప్పుకుంటే, కాక పరుగు గురించి బాపు ఒక్కటే అన్నాడు: "నేను ముందుంటే నేన్గూడ ఉర్కుదునేమో. ఎవ్వలకెరుక?"

ఆ తర్వాత కాక మళ్లీ సండే స్కూలుకు వచ్చాడు, కానీ పాత కాక కాదు. శిష్యుడు పేతురు భయపడి యేసును ఎరుగనన్న కథ చెప్పేటప్పుడు, "మీరైతే యేసు దగ్గర్నే ఉందురా?" అని అడిగేవాడు. మేమంతా చేతులెత్తేవాళ్లం. "దించుండ్రి, దించుండ్రి. పేతురు గూడ గట్లనే ఎత్తిండు" అనేవాడు. నవ్వడం అయ్యాక బాయిలో తను పరుగెత్తిన సంగతి దాచకుండా చెప్పేవాడు. చనిపోయి లేచిన యేసు ఒడ్డున నిప్పులు చేసి, చేపలు కాల్చి, పేతురును తిననీకి పిలిచాడని చెప్పేటప్పుడు మాత్రం మా వైపు చూసేవాడు కాదు. యేసును పట్టించిన యూదా కథకు మేం ఛీ అంటే ఒప్పుకునేవాడు కాదు. "తొందరపడి ఉరేసుకున్నడు గని, జర ఆగితే వానికి గూడ ఒక చాప దొరుకుతుండె" అనేవాడు. ఇది పాస్టరుగారికి నచ్చేది కాదు. నాకు నచ్చేది, ఇప్పటికీ నచ్చుతుంది.

ప్రతి ఆదివారం బాపును సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని చర్చికి తీసుకెళ్లింది కాకే. అవ్వ ఏళ్ల తరబడి గుమ్మంలోంచి చూస్తూనే ఉంది, మాట్లాడేది కాదు. ఒక వానపూట ఇద్దరూ తడిసి ముద్దై వస్తే రెండు తువ్వాళ్లు తెచ్చింది. "తల తుడుసుకో, మరిదీ" అంది. ఆరోజు కాక మా ఇంట్లో అన్నం మూడుసార్లు పెట్టించుకున్నాడు.

ఏటా ఈస్టర్‌కు ఆ గుమ్మం ముందు చేపలు కాలేవి. అటెన్క మాట్లాడుదామన్న మాట మాత్రం అట్లాగే ఉండిపోయింది.

పోయిన నెల కాకను చూడ్డానికి వెళ్లాను. ఊపిరితిత్తుల నిండా బొగ్గుదుమ్మే అన్నారు డాక్టర్లు. బాపు మంచం పక్కన కూర్చుని జావ తాగిస్తున్నాడు.

"అన్నా, ఇప్పుడన్న ఆ ముచ్చట మాట్లాడుదాం" అన్నాడు కాక.

"ముందుగాల తిను" అని బాపు చెంచా నోటికందించాడు.

రెండు గుక్కలు మింగి కాక బాపు చెయ్యి పట్టుకున్నాడు. "భయమైతుంది అన్నా. అందరికీ భయం వద్దని చెప్పినోణ్ణి, నాకే భయమైతుంది."

"అయితే కానియ్యి. నేనీడ్నే ఉన్న" అన్నాడు బాపు. "నేనెటు ఉర్కుత? కాలు లేకపాయె!"

కాక నవ్వాడు. దగ్గొచ్చేదాకా, దగ్గుతూ కూడా నవ్వాడు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేశాను.

కాకను మట్టి చేసిన మర్నాడు పొద్దున కాక గుమ్మం ముందు పొగ లేస్తోంది. బాపు పొయ్యి ముందు కూర్చుని చేపలు తిప్పుతున్నాడు. అవ్వ ఉప్పు తెచ్చి పక్కన పెట్టింది. ఎదురుగా ఏటా కాక కూర్చునే పీట. ఇక ఎవరు కూర్చుంటారని అవ్వ దాన్ని తీయబోయింది.

"ఉండనియ్యి" అన్నాడు బాపు. "మాట్లాడేది ఇంకా ఉన్నది."

అవ్వ పీటను మళ్లీ పొయ్యికి ఎదురుగా జరిపి, దాని మీద పడిన నుసిని కొంగుతో తుడిచింది.