ఎడమకి లాగే బండి

నా జీపు బండి ఎత్తు పెంచమని నన్నెవరూ అడగలేదు. రొయ్యల మేత అమ్మే వ్యాపారం నాది. రేపల్లె వైపు చెరువుల దగ్గరికి తిరగాలి, వానాకాలం గట్ల మీద బండి పొట్ట బురదకి ఆనుతోంది, అందుకే పెంచానని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవాణ్ణి. అది సగమే నిజం. ఒకరోజు తెనాలిలో రైలు గేటు పడి ఆగినప్పుడు నా పక్కకి అచ్చం నా బండిలాంటిదే వచ్చి ఆగింది, కాకపోతే బెత్తెడు ఎత్తులో. అందులో ఉన్న మనిషి అద్దం దించి నా వైపు కిందికి చూశాడు. ఆ చూపు రెండు వారాలు నన్ను వదల్లేదు.

మూడో వారంలో బండిని ఒక పెద్ద ఊరికి తీసుకెళ్ళి, స్ప్రింగుల పైన దిమ్మలు వేయించి, పెద్ద టైర్లు తొడిగించుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇది ఎక్కడానికి నిచ్చెన కూడా ఇచ్చారా?" అంది.

ఆమె రేపల్లెలో ఒక ఆసుపత్రిలో నర్సు. పగటి డ్యూటీ రోజుల్లో తెనాలి నుంచి ఆ బండి తనే నడుపుకుంటూ వెళ్ళేది. నాకంటే జాగ్రత్తగా నడుపుతుంది. అయినా ఎత్తు పెంచే ముందు ఆమెని ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు.

నాలుగు రోజుల తర్వాత భోజనాల దగ్గర చెప్పింది: "ఏవండీ, బండి ఎడమకి లాగుతోంది."

"ఎత్తు మారింది కదా, అలవాటవుతుందిలే," అన్నాను.

మర్నాడు మళ్ళీ చెప్పింది. ఆ మర్నాడు కూడా. స్టీరింగు తిప్పి వదిలితే వెనక్కి రావడం లేదని, బ్రేకు వేసి వదిలితే కింద ఎక్కడో టక్కుమంటోందని. "నువ్వు స్టీరింగు మరీ గట్టిగా పట్టుకుంటావు," అన్నాను. నా మాట నాకే నచ్చలేదు. ఎందుకంటే అప్పటికే బండి ఒక పక్కకి ఒరిగినట్టు నా కంటికీ కనిపిస్తోంది.

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వీధిలోకి వెళ్ళి, గొంతుకూర్చుని బండిని ముందు నుంచి చూసేవాణ్ణి. టేపు తెచ్చి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచేవాణ్ణి. ఎడమ పక్క ముప్పావు అంగుళం తక్కువ. నేల ఏటవాలుగా ఉందేమోనని బండిని తిప్పి నిలబెట్టి మళ్ళీ కొలిచేవాణ్ణి. అప్పుడూ ఎడమే తక్కువ. కొట్లో కూర్చుంటే కాళ్ళు ఊరుకునేవి కావు. లేచి బయటికి వెళ్ళడం, చూడడం, రావడం. ఎదురింటి పెద్దాయన "ఏంటి బాబూ, ఏమైనా పడిపోయిందా?" అని రెండుసార్లు అడిగాడు.

తెనాలిలో చక్రాల అలైన్‌మెంట్ చేసే షాపుకి తీసుకెళ్ళాను. షాపతను చక్రాలకి కొలత పలకలు తగిలించి, కంప్యూటరు తెర మీద ఎర్రగా ఉన్న అంకెల్లో కొన్నింటిని పచ్చగా చేశాడు. కాగితం చేతికిచ్చాడు. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడ ముందు పెట్టాను, నువ్వు చెప్పింది అయిపోయింది అన్నట్టు. అందులో ఇంకా ఎర్రగా ఉన్న రెండు అంకెల మీద ఆమె వేలు పెట్టింది. "ఇవేంటండీ?"

"అవి పెద్ద విషయం కాదంట," అన్నాను. అలా అని నాకెవరూ చెప్పలేదు.

ఆ వారంలోనే జరిగింది. మధ్యాహ్నం డ్యూటీ దిగి ఆమె రేపల్లె నుంచి వస్తోంది. సన్నగా జల్లు పడుతోంది. కాలువ పక్క రోడ్డు మీద ఎదురుగా వరిగడ్డి లోడు లారీ వచ్చింది. దారి ఇవ్వడానికి కొద్దిగా ఎడమకి జరిగి బ్రేకు వేసింది. బండి కొద్దిగా జరిగి ఆగలేదు. ఎడమ చక్రాలు రెండూ మార్జిన్ దిగి కాలువ వైపు జారాయి. గట్టు మీద ఎవరో పోసుకున్న మట్టికుప్పకి ముందు చక్రం తట్టుకుని ఆగింది. ఆ కుప్ప అక్కడ లేకపోతే ఏమయ్యేదో ఇద్దరం ఇప్పటికీ మాట్లాడుకోం. పొలంలో ఉన్న మనుషులు వచ్చి బండిని తోశారు. దెబ్బలేమీ తగల్లేదు. నాకు ఫోను కూడా చెయ్యకుండా, మిగతా దారంతా నెమ్మదిగా తనే నడుపుకుంటూ వచ్చింది.

ఇంటికొచ్చి తాళాలు బల్ల మీద పెట్టింది. యూనిఫాం మోకాళ్ళ దగ్గర బురద. చేతులు కడుక్కుని, జరిగింది మొత్తం మామూలు గొంతుతో చెప్పింది. చివర్న, "రేపటి నుంచి రైల్లో వెళ్తాను," అంది.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడే అలైన్‌మెంట్ షాపుకి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. అతను అంతా విన్నాడు. "సార్, తప్పు నాది కూడా ఉందండి. ఆ రెండూ సెట్ అవ్వట్లేదని అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. బండి కొలతకి మించి లేచింది, పైగా ఒరిగి ఉంది. ముందు దాన్ని సమంగా నిలబెట్టించండి. ఆ తర్వాత నేను లైను చెయ్యగలను," అన్నాడు. బాపట్లలో పాత జీపులు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడని దారి చెప్పాడు.

చుండూరు మీదుగా బాపట్లకి వెళ్ళేటప్పుడు మొదటిసారి నిజాయితీగా స్టీరింగు వదులుగా పట్టుకుని నడిపాను. బండి ఎడమకి పోయింది. కుడికి లాగాను. మళ్ళీ పోయింది. ఇన్నాళ్ళూ నేను తెలియకుండానే కుడిచేత్తో లాగి పట్టుకుని నడుపుతున్నానన్నమాట. ఇది తెలిశాక ఎదురుగా ఏ లారీ కనిపించినా బండిని బాగా నెమ్మది చేశాను.

సముద్రం వైపు పోయే రోడ్డులో, సరుగుడు తోట పక్కన రేకుల షెడ్డు. పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పానా పట్టుకోలేదు. స్టూలు మీద కూర్చుని, "ఎవరు నడుపుతారు?" అన్నాడు.

"ఇద్దరం."

"లాగుతోందని ముందు ఎవరన్నారు?"

"మా ఆవిడ."

"ఏదీ, ఆవిడ రాలేదే? నువ్వు లాగట్లేదని చెప్పినోడివై ఉంటావు. నీతో నాకేం పని బాబూ? ఆ అమ్మాయిని తీసుకురా."

నవ్వుతూనే అన్నాడు కానీ, నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఫోను చేశాను. "ఎల్లుండి నాకు సెలవు. రైలెక్కి వస్తాను," అంది. బండి అక్కడే వదిలి బస్సులో ఇంటికొచ్చాను. ఆ ఒక్కరోజూ గడవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

చెప్పిన రోజున ఇద్దరం రైల్లో వెళ్ళాం. ఆమె షెడ్డులో ఆ స్టూలు మీద కూర్చుంది. పెద్దాయన కింద గోనెసంచి మీద కూర్చుని అడిగాడు. రోగి గురించి డాక్టరుకి చెప్పినట్టు వరసగా చెప్పింది. ఖాళీగా ఉంటే ఎక్కువ లాగుతుంది, వెనక మనుషులుంటే తక్కువ. ఎడమకి తిప్పితే వెనక్కి రాదు, కుడికి తిప్పితే వస్తుంది. టక్కుమనేది బ్రేకు వేసినప్పుడు కాదు, వదిలినప్పుడు. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఇవన్నీ నాకు భోజనాల దగ్గర చెప్పినవే. నేను ఇప్పుడే మొదటిసారి వింటున్నాను.

"సగం పని నువ్వే చేసేశావమ్మా," అని ఆయన బండి కిందికి దూరాడు.

రెండు తప్పులు దొరికాయి. ముందు స్ప్రింగులు అటువి ఇటు, ఇటువి అటు వేసేశారు. ఈ బండికి బ్యాటరీ అదీ ఉండే ఎడమ పక్క బరువెక్కువని కంపెనీవాళ్ళు ఆ పక్క స్ప్రింగు కొంచెం పొడవుగా చేస్తారట. ఆ తేడా తెలియడానికి రంగు చుక్కలు కూడా ఉన్నాయి. రెండోది, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే కింద బోల్టులన్నీ బిగించేశారు. "లోపల కీళ్ళలో ఉండే రబ్బరు బుష్షులు మెలిపడి అలాగే ఉండిపోయినయ్. బండి నేల మీద తన బరువు మీద నిలబడ్డాక బిగించాలి," అని ఆమెకే చెప్పాడు, నాకు కాదు.

స్ప్రింగులు మార్చాడు. చిరిగిన బుష్షు ఒకటి కొత్తది వేశాడు. ఇక దిమ్మలు మళ్ళీ పెట్టాలా అన్న ప్రశ్న వచ్చింది. ఆయన ఆమె వైపు చూశాడు. నేనూ ఆమె వైపే చూశాను.

"చెరువు గట్ల మీదికి ఎంత కావాలి?" అని నన్నడిగింది.

"ఒక అంగుళం చాలు," అన్నాను. అది నిజం.

"అయితే ఒక అంగుళమే పెట్టండి బాబాయ్. నాకు ఎక్కడానికి వీలుండాలి కదా."

బండిని సిమెంటు గచ్చు మీదికి దించి, బోల్టులు వదులు చేసి, మా ఇద్దర్నీ ముందు బంపరు మీద చేతులు వేసి ఊపమన్నాడు. పైకీ కిందికీ ఊపుతుంటే ఏదో సర్దుకున్నట్టు కింద కిర్రుమంది. ఆయన వెల్లకిలా దూరి ఒక్కొక్కటే బిగించాడు. టేపు నా చేతికిచ్చాడు. నేను దాన్ని ఆమెకిచ్చాను. నాలుగు చక్రాల దగ్గరా ఆమే కొలిచింది. ముందు రెండూ ఒక్కటే. వెనక రెండూ ఒక్కటే.

తెనాలి దాకా ఆమె నడిపింది. పొన్నూరు దాటాక చెప్పాను: "తప్పు నాదే. బండి చెడిపోవడం కాదు, నీ మాట వినకపోవడం." ఆమె రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. "ఆరోజు మీకు ఫోను ఎందుకు చెయ్యలేదో తెలుసా? బ్రేకు సరిగ్గా వేశావా అని అడుగుతారని," అంది. నిజమే, అలాగే అడిగేవాణ్ణి.

అలైన్‌మెంట్ షాపులో ఈసారి అంకెలన్నీ పచ్చగా వచ్చాయి. ఖాళీ రోడ్డు మీద ఒక్క క్షణం ఆమె స్టీరింగు నుంచి చేతులు అంగుళం దూరం జరిపింది. బండి తిన్నగా పోయింది. అప్పుడు కొంచెం నవ్వింది.

ఇప్పుడు వారంలో మూడు రోజులు బండిలో వెళ్తుంది, మిగతా రోజులు రైల్లో. రైల్లో స్నేహితురాళ్ళు దొరికారట, వాళ్ళని వదులుకోనంటుంది. బండిలో వెళ్ళిన రోజు నేను కొట్లో కుదురుగా కూర్చోలేను. లెక్క ప్రకారం ఏ భయమూ లేదు. అయినా ఆ కాలువ రోడ్డు దాటి "చేరాను" అని ఆమె ఫోను చేసేదాకా గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతూనే ఉంటాను. బండి ఎలా ఉందని అడుగుతాను. ఆమె చెబుతుంది. ఏం చెప్పినా ఆఖరి మాట దాకా వింటున్నాను.