మా బావ బిగించిన సన్న తీగలు

మా బావ గిటార్లు బాగుచేస్తాడు. ఈ ముక్క ఆయన ముందు అనకూడదు. "బాగుచేయడమేంటిరా, నేనేమన్నా కుళాయిల రిపేరువాణ్ణా? సెటప్ చేస్తాను" అని ఎగురుతాడు. ముందు గదిలో కూర్చుని తీగల ప్యాకెట్లు అమ్మేది నేను. వెనక గదిలో కళ్ళద్దాలు ముక్కు చివరికి దించుకుని, గిటారు మెడ మీద ఇనప స్కేలు పెట్టి, ఒంటికన్నుతో చూసేది ఆయన. ఆ శ్రద్ధలో సగం మా అక్క మాటల మీద పెడితే ఆ ఇల్లు ఎప్పుడో బాగుపడేది.

బేస్ గిటారు తెచ్చినవాళ్ళకి మా షాపులో ఒక పరీక్ష ఉంది. ఈకాలం పిల్లలు దాని శ్రుతి బాగా దించి, గుండెల్లో దడ పుట్టేలా వాయిస్తారు. దించితే తీగ వదులై ఊగుతుంది, మెడ మీది పట్టీలకు తగిలి గరగరమంటుంది. అప్పుడు లావు తీగలు వేయాలి, అవి కూర్చునే గాడి వెడల్పు చేయాలి, మెడలోని కడ్డీని కొత్త బిగువుకి తగ్గట్టు తిప్పాలి. అందుకని ఎవరొచ్చినా బావ ముందు స్టూలు చూపిస్తాడు.

"ఏ శ్రుతిలో వాయిస్తావు? కూర్చుని వాయించు. వినకుండా నేను స్క్రూ ముట్టుకోను."

"అంకుల్, బస్సు టైమైంది" అన్నా సరే, ఆయన దగ్గర పప్పులుడకవు.

మా మేనకోడలు, అంటే బావ ఒక్కగానొక్క కూతురు, కాలేజీ స్నేహితురాళ్ళతో కలిసి బ్యాండు పెట్టింది. ఆదివారం వాళ్ళ మొదటి ప్రోగ్రాము. దాని బేస్ గిటారును బావ మూడు రోజులు ఒళ్ళో పెట్టుకుని లాలించాడు. షాపులోకల్లా ఖరీదైన సన్న తీగలు వేశాడు, పిల్ల వేళ్ళు నొప్పెట్టకూడదని. మెడ సరిచేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, నాకు మూడుసార్లు చూపించాడు. నేను మూడుసార్లూ ఆహా అన్నాను. ఆయన దగ్గర ఉద్యోగం కదా.

గురువారం సాయంత్రం ప్రాక్టీసు నుంచి మేనకోడలు ముఖం మాడ్చుకుని నేరుగా షాపుకొచ్చింది.

"ఏం చేశావు నాన్నా దీన్ని?"

"ఏమైంది? మెరిసిపోతోంది కదా!"

"మేం బాగా కిందికి దించి వాయిస్తాం. దించగానే తీగలు బట్టలారేసే తాళ్ళలా ఊగాయి. అందరూ నవ్వారు. డ్రమ్స్ వాయించే పిల్లయితే, 'ఆ షాపు మీ నాన్నదేనా?' అనడిగింది."

బావ గతుక్కుమన్నాడు. "మరి ముందే చెప్పొద్దూ?"

"నువ్వడిగావా?"

ఎప్పుడడుగుతాడు? ఇంట్లో అది తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించుకుంటుంది. చదువుకునే పిల్లని కదిలించకూడదని ఈయన ఆ గుమ్మం తొక్కడు. ఆయన లెక్కలో అది ఇంకా తొమ్మిదేళ్ళ పిల్ల, జోలపాటలు వాయించుకుంటోంది.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "దారినపోయే వాళ్ళందర్నీ అడుగుతావు కదా బావా" అన్నాను.

"నువ్వు పోయి కౌంటర్ చూసుకో."

"రేపు స్టేషన్ దగ్గర షాపులో ఇచ్చేస్తాలే మామయ్యా" అంది మేనకోడలు, ఆయనతో కాదు, నాతో.

అప్పటిదాకా నవ్వాపుకుంటున్న నాకు బావ ముఖం చూస్తే జాలేసింది. ముప్పై ఏళ్ళుగా ఊరందరి గిటార్లూ చూసిన మనిషి, సొంత కూతురు ఇంకో షాపు పేరెత్తితే బల్ల మీది స్క్రూలు సర్దుతూ నిలబడిపోయాడు. కాసేపటికి నా కౌంటర్లోంచి అన్నిటికన్నా లావు తీగల ప్యాకెట్ తీసుకున్నాడు. తను ముచ్చటపడి వేసిన సన్న తీగల్ని కత్తిరించేశాడు. గాడి అరగదీశాడు, కొత్తవి ఎక్కించాడు, స్టూలు లాగి కూతురి ముందు పెట్టాడు.

అది ఆయన వైపు చూడకుండా కూర్చుంది. తనక్కావలసినంత కిందికి దించుకుని మొదలుపెట్టింది. కౌంటర్ అద్దం సన్నగా అదిరింది. అంతసేపూ చిరాగ్గా ఉన్న పిల్ల, కళ్ళు మూసుకుని వేరే మనిషైపోయింది. తీగ ఎంత ఊగుతోందో, ఎక్కడ తగులుతోందో బావ వంగి చూడాలి. స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకునే ఉన్నాడు.

పాట అయిపోయింది.

"ఎక్కడ తగులుతోంది నాన్నా?"

"చూడలేదమ్మా" అన్నాడు బావ. "వింటూ ఉండిపోయాను. ఇంకోసారి వాయించు."