నీలం అంచు చేతిరుమాలు

ముందు పోయినవి చెబుతాను. వంద గ్రాముల చాక్లెట్లు, అరవై. రావులపాలెం నుంచి రెండు రేకు డబ్బాల్లో సముద్రాలు దాటి వచ్చిన పూతరేకులు, అరవై. నా కుడికాలి బూటు, ఒకటి (ఎడమది ఇప్పటికీ భద్రంగా ఉంది, ఎందుకని అడక్కండి). ఊరి ఫైర్ బ్రిగేడ్ వాళ్ళ దగ్గర నాకున్న పరువుకి తూకం లేదు కనుక దాన్ని 'కొంత' అని రాసుకుందాం. ఇవన్నీ పోయాయని ఒకే మే నెల మధ్యాహ్నం, గట్టిగా ఇరవై నిమిషాల్లో నాకు తెలిసింది. ఇవి కాక పోయినది ఇంకొకటి ఉంది. దాని సంగతి చివర చెబుతాను.

ఆ రోజుల్లో నాకు ఇరవై ఆరేళ్ళు. లోకంలో దేన్నయినా తూచి, కొలిచి, కాగితం మీద గీస్తే అది మన మాట వింటుందని గట్టి నమ్మకం. లెక్కలు నాకు ఏ కాలేజీ నేర్పలేదు. హైదరాబాద్‌లో ఒక సరుకు రవాణా ఆఫీసులో గుమాస్తాగా చేరి, విమానంలో ఏ పెట్టె ఎక్కడ పెడితే బరువు సరిపోతుందో పాత బిల్లుల వెనక గీసుకుని సొంతంగా నేర్చుకున్నాను. ఆ ఆఫీసే నన్ను ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయానికి పంపింది. జేబులో ఎప్పుడూ చిన్న స్ప్రింగు కాటా ఉండేది. మార్కెట్లో టమాటాలు తూచి కొనేవాణ్ణి, తూచినవాటిని ఇంటికొచ్చి మళ్ళీ తూచేవాణ్ణి. అందుకని నన్ను ఎరిగిన తెలుగువాళ్ళంతా 'కాటా' అనేవాళ్ళు. ఆ పేరు నాకు బిరుదులాగే వినిపించేది.

విమానాశ్రయానికి రెండు స్టేషన్ల దూరంలో చిన్న ఊరు, అందులో మూడంతస్తుల ఇల్లు. పైన ఏటవాలు కప్పు కింద నేను (నిటారుగా నిలబడగలిగే చోటు నాలుగు చదరపు మీటర్లు, అద్దె మాత్రం పద్దెనిమిదింటికి). మధ్యలో మా ఆఫీసులోనే పనిచేసే అన్నయ్య, కోనసీమ వదిన. కింద ఇంటి యజమానురాలు. జర్మన్ వాళ్ళు బామ్మని ఓమా అంటారు. ఆ వీధి పిల్లలంతా ఆవిణ్ణి అలా పిలిచేవాళ్ళు, మేమూ అలాగే. భర్త పోయి చాలాకాలమైంది. ఆదివారం మధ్యాహ్నం నాకు కాఫీ, కేకు ఇచ్చి, నా జర్మన్ తప్పులు దిద్దేది. నా జర్మన్ బాగుపడలేదు కానీ కేకు ఎప్పుడూ బాగానే ఉండేది.

ఆ ఏడు వసంతంలో ఊరంతా ఒకటే సందడి. యుద్ధం అయ్యాక రష్యా వాళ్ళు బెర్లిన్ నగరానికి రోడ్లూ రైళ్ళూ మూసేస్తే, అమెరికా, బ్రిటన్ విమానాలు దాదాపు ఏడాదిపాటు పిండీ బొగ్గూ పాలపొడీ ఆకాశం మీదుగా మోసిన కథ మీరు వినే ఉంటారు. ఆ దిగ్బంధం తొలగి అరవయ్యేళ్ళు. అమెరికన్ విమానాలు కొన్ని లేచింది మా విమానాశ్రయం నుంచే కాబట్టి మా ఊరికీ ఆ పండుగలో వాటా ఉంది. అప్పట్లో పైలట్లు చేతిరుమాళ్ళకి చాక్లెట్లు కట్టి పిల్లలకోసం పైనుంచి వదిలేవారట. మనమూ ఫైర్ బ్రిగేడ్ నిచ్చెన మీంచి అరవై వదులుదామని కమిటీ తీర్మానించింది. ఓమా సంచీ మోయడానికి ఆ సమావేశానికి వెళ్ళినవాణ్ణి నోరు మూసుకుని కూర్చోవచ్చు కదా! "ఊరికే వదిలితే ఎక్కడ పడతాయో ఏం తెలుసు? నేను లెక్క కడతాను" అన్నాను. ఫైర్ బ్రిగేడ్ పెద్దాయన తన తెల్లమీసాలు ఒకసారి దువ్వుకుని, "నిచ్చెన ఎక్కుతావా మరి?" అన్నాడు. "ఎక్కుతాను" అన్నాను. ఎత్తంటే నాకు భయమన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

ఇంటికి నడుస్తూ ఓమా చెప్పింది. "నేను బెర్లిన్‌లోనే పుట్టాను, అబ్బాయ్. అప్పుడు నాకు ఏడేళ్ళు. రోజూ విమానాలు దిగే దారి కింద నిలబడేదాన్ని. చేతిరుమాళ్ళు తెల్లగా విచ్చుకుని దిగుతుండేవి. ప్రతిసారీ పెద్ద మగపిల్లలు ఎగిరి పట్టుకునేవాళ్ళు. నాకు ఒక్కటీ దొరకలేదు."

"ఎవరూ పెట్టలేదా ఓమా?"

"పెట్టారు. మా అన్న ఒక ముక్క చేతిలో పెట్టాడు. తిన్నాను. అది వేరు. నా కోసం పైనుంచి దిగాలి, నా ఒళ్ళో పడాలి. ముసలిదాని పిచ్చి అనుకో."

మర్నాడు ఆవిడ తన బీరువాలోంచి, ఇస్త్రీ మడత చెడని అరవై చేతిరుమాళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది. పోయిన భర్తవి. అన్నిటికన్నా పైన నీలం అంచుది ఉంది. పెళ్ళికి తనే కుట్టిందట. "ఇది మొదట వదులు. అన్నీ మళ్ళీ నాకు రావాలి సుమా." రెండు చేతులా పట్టుకుని మాటిచ్చాను. మొదటిది మీ ఒళ్ళోనే పడుతుంది, కుర్చీ ఎక్కడ వెయ్యాలో నేను చెబుతాను, అన్నాను.

తర్వాత రెండు వారాలు నేను ఆఫీసుకి వెళ్ళిన మనిషిని మాత్రమే, పనిచేసినవాణ్ణి కాను. ఇంటికి రాగానే చేతిరుమాలుకి చాక్లెట్ కట్టి నా కిటికీలోంచి వదలడం, ఎన్ని క్షణాలో చూడటం, తోటలోకి పరుగెత్తి అడుగులు కొలవడం. వదిన బాల్కనీలో వడియాలు పెడుతూ, "ఏవయ్యా మరిదిగారూ, ఆ చాక్లెట్టు నా వడియాల మీద పడిందంటే నిన్నే ఎండబెడతాను" అని కేకేసేది. మొత్తానికి తేలింది. వంద గ్రాములు కడితే నిచ్చెన ఎత్తు నుంచి దిగడానికి ఆరు క్షణాలు. గాలి ఇంత ఉంటే ఇన్ని అడుగులు పక్కకి. ఫైర్ స్టేషన్ మైదానంలో సుద్దతో వలయం గీశాను. దాని నడుమ ఓమా కుర్చీకి నాలుగు గుర్తులు, కాళ్ళకి తగ్గట్టు.

చాక్లెట్లు కట్టే పని వదినది. ముందురోజు అట్టపెట్టె ఆవిడకి అప్పజెప్పి ఆఫీసుకి పోయాను. పండుగనాడు ఉదయం ఆవిడ పెట్టె నా చేతికిచ్చింది. లోపల అరవై పొట్లాలు, వెండికాగితంలో చక్కగా చుట్టి, చేతిరుమాలు నాలుగు కొనలకీ దారం కట్టి, పూలదండ మడిచినట్టు మడిచి ఉన్నాయి. పెట్టె తేలిగ్గా ఉంది. నా చేతికి తెలిసింది. రోజుకి నాలుగు వందల పెట్టెలు ఎత్తి దించే చెయ్యి, దానికి తెలియకుండా ఎలా ఉంటుంది? కాటా జేబులోనే ఉంది. కానీ వదిన ఎదురుగా నిలబడి నా ముఖమే చూస్తోంది. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఒక పద్ధతి. ఇంటి ఆడవాళ్ళు చేత్తో ఇచ్చినదాన్ని తూచకూడదు, ఎంచకూడదు. అలా చేస్తే ఇచ్చిన చేతిని అవమానించినట్టు. టమాటాలు రెండుసార్లు తూచేవాణ్ణి, ఆ పెట్టెని ఒక్కసారీ తూచలేదు. ఉత్సాహంలో బరువు తెలియడం లేదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి మైదానం నిండిపోయింది. సుద్ద వలయంలో పిల్లలు, నడుమ కుర్చీలో ఓమా, మంచి కోటు వేసుకుని, ఒళ్ళో రెండు చేతులూ తెరిచి పెట్టుకుని. పక్కన ముఖ్య అతిథి, ఆ రోజుల్లో ఆ విమానాలకి బొగ్గు బస్తాలు ఎక్కించిన అమెరికన్ తాత, చేతికర్రతో. నేను మీసాల పెద్దాయనతో కలిసి నిచ్చెన కొసన ఉన్న తొట్టెలో నిలబడ్డాను. అది పైకి లేస్తుంటే తొట్టె కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను. కింద ఓమా అరచెయ్యంత కనిపించింది. తల పైకెత్తి చూస్తోంది.

నీలం అంచుది తీశాను. గాలి చూశాను. వదిలాను.

చక్కగా విచ్చుకుంది. ఒకటి, రెండు, మూడు... ఆరు అనేసరికి అది ఓమా ఒళ్ళో ఉండాలి. ఆరు అనేసరికి సగం దారిలో, తీరిగ్గా, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా అటూ ఇటూ చూసుకుంటూ ఊగుతోంది. తొమ్మిది, పది. వలయం దాటింది. ఎండకి కాగిన తారు రోడ్డు మీంచి లేచిన వేడిగాలి దాన్ని మళ్ళీ పైకెత్తింది. ఓమా తల దానితోపాటే మెల్లగా తిరగడం నాకు పైనుంచి కనబడింది. చర్చి పక్కనుంచి, చెట్ల మీదుగా, నీలం అంచు మెరిసి, పోయింది.

"వైటర్!" అన్నాడు పెద్దాయన. కానివ్వమని. "ఆగండి, లెక్క తప్పింది" అన్నాను. "పిల్లలు చూస్తున్నారు! వైటర్!" వదిలాను. ఒకదాని వెనక ఒకటి, యాభై తొమ్మిదీ. కొన్ని కూరగాయల తోటల మీదికి, కొన్ని బస్టాపు కప్పు మీదికి, ఒకటి అప్పుడే చర్చిలోంచి బయటికొస్తున్న పెళ్ళివారి మీదికి. పిల్లలు కేకలేసుకుంటూ ఊరి మీద పడ్డారు. సుద్ద వలయం ఖాళీ, నడుమ ఓమా ఒక్కతే. వెనక్కి జరిగిన నా కాలు తొట్టె అంచుకి తగిలి, బూటు ఊడి కింద పడింది. ఆ రోజు నేను గీసిన వలయంలో పడ్డది అదొక్కటే, ఓమా కుర్చీకి నాలుగడుగుల దూరంలో, మడమ విరిగి.

కిందికి దిగేసరికి పిల్లలు పొట్లాలు విప్పుతున్నారు. వెండికాగితం తీశారు. లోపల తెల్లటి కాగితం. అదీ తీశారు. లోపల ఇంకో కాగితం. పొరలు పొరలుగా ఊడదీసి, పారేసి, చాక్లెట్ కోసం వెతుకుతున్నారు. జనంలోంచి వదిన తెలుగులోనే అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. "ఓరి మీ దుంపతెగా! అది కాగితం కాదర్రా! అదే తినాలి!" ఒక చిన్నవాడు వేలికంటిన నెయ్యి నాకి, కళ్ళు పెద్దవి చేసి, "అమ్మా! కాగితం భలే ఉంది!" అని వాళ్ళ భాషలో కేకేశాడు. అంతే, పారేసిన పొరలు కూడా మళ్ళీ ఏరుకున్నారు.

"వదినా, పూతరేకులా?"

"ఏం చెయ్యమంటావ్? నీ పెట్టె వడియాల పక్కన ఎండలో మర్చిపోయాను. అరవై చాక్లెట్లూ కలిసి ఒకటే పిడకైపోయాయి. మా అమ్మ పంపినవి ఉన్నాయి కదాని... పిల్లల నోరు తీపవ్వాలి కదా!"

"చెప్పొచ్చుగా!"

"నీకు చెబితే మళ్ళీ మొదట్నుంచీ లెక్క కడతావ్. అయినా తేలిగ్గా ఉంటే ఇంకా మెల్లగా, పదిలంగా దిగుతాయి కదా అనుకున్నాను." కొంగుతో ముఖం తుడుచుకుంది. "తప్పేటి?"

తప్పేమీ లేదు. తూకం నాలుగో వంతైతే వేగం సగం, గాలిలో ఉండే సమయం రెట్టింపు. ఆవిడ కాగితం లేకుండా చెప్పింది సరిగ్గా అదే. జేబులో కాటా పెట్టుకుని తూచనివాణ్ణి నేను.

ఒంటి బూటుతో కుంటుతూ ఓమా దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చేతులు ఇంకా ఒళ్ళో తెరిచే ఉన్నాయి. అమెరికన్ తాత కర్ర మీద వంగి నవ్వుతూ, "బాధపడకు కుర్రాడా, మావి కూడా అనుకున్న చోట ఎప్పుడు పడ్డాయి కనక!" అన్నాడు. ఓమా నా బూటు వైపు చూసింది. "అరవయ్యేళ్ళు ఎదురుచూస్తే నాకు బూటు పంపావా?" అంది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కళ్ళు తుడుచుకోవడానికి చేతిరుమాలు కోసం కోటు జేబు వెతికి, ఒక్కటీ లేక, చేత్తోనే తుడుచుకుంది.

సాయంత్రానికి నలభై ఒక్క చేతిరుమాళ్ళు దొరికాయి. తర్వాత పదిరోజులు సైకిల్ మీద తోటతోటా తిరిగాను. పెళ్ళికూతురు ఒకటి ఉతికి పంపింది. పిచ్చుకగూడు కింద ఒకటి, రైలుపట్టాల కంచె మీద మూడు. యాభై తొమ్మిది దాకా వచ్చి లెక్క ఆగింది. నీలం అంచుది రాలేదు. అలాంటిదే కొని తెస్తానంటే ఓమా ఒప్పుకోలేదు. "అది పోలేదు. ఇంకా దిగలేదు, అంతే." అప్పట్నుంచీ ప్రతి ఆదివారం కాఫీ ముందు ఒకటే ప్రశ్న, "దిగిందా?" నాది ఒకటే జవాబు, "ఇంకా లేదు, ఓమా."

ఏళ్ళు గడిచాయి. అన్నయ్యా వదినా పాడర్‌బోర్న్ అనే ఊరికి వెళ్ళిపోయారు. నాకు పెళ్ళయింది, కూతురు పుట్టింది. ఓమా ఇల్లు అమ్మి, వృద్ధుల వసతిగృహంలో రెండో అంతస్తుకి మారింది. ఈ మధ్యనే డెబ్బై అయిదేళ్ళ పండుగ వచ్చింది. కొత్త ఫైర్ బ్రిగేడ్ వాళ్ళు పాత కథ విని నవ్వి, మళ్ళీ నన్నే పిలిచారు. ఈసారి ప్రతి పొట్లం తూచాను. వదిన పంపిన పూతరేకులే (నోరు తెరిచి ముందే చెప్పి, 'ముందు తూచుకో కాటా' అని రాసి మరీ పంపింది), దానికి తగ్గట్టు చేతిరుమాలు సగానికి సగం చిన్నది. నిచ్చెన ఎక్కే ముందు రెండు బూట్లూ గట్టిగా ముడేసుకున్నాను. మొదటిది వదిలాను. ఆరో క్షణానికి అది నేరుగా ఓమా ఒళ్ళో దిగింది. మైదానమంతా చప్పట్లు.

నేను దిగి పరుగున వెళ్ళేసరికి ఆవిడ దాన్ని మా అమ్మాయి చేతిలో పెడుతోంది.

"ఓమా! మీ కోసమే వేశాను!"

"ఇది పిల్లది. నాది దారిలో ఉంది."

"పదిహేనేళ్ళయింది ఓమా..."

ఆవిడ నా చెయ్యి దగ్గరకు తీసుకుని మెల్లగా అంది. "అది దిగిపోతే, ప్రతి ఆదివారం నువ్వు నాకేం చెబుతావు?"

నేను ఇప్పటికీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో బరువులే లెక్కకడతాను. ఆకులు రాలిన కాలంలో ఆ ఊరి కొమ్మల కేసి ఒకసారి చూడకుండా స్టేషన్‌కి నడవను. ఇరవై ఆరేళ్ళ ఆ కుర్రాడు ఒంటి బూటుతో సైకిల్ తొక్కుతూ ఎదురొస్తే, పోనీలేరా, కొన్ని లెక్కలు తేలకపోవడమే మంచిదని చెప్పాలనిపిస్తుంది. వాడు ఒప్పుకోడు, నాకు తెలుసు. వెళ్ళినవి అరవై. చేరినవి యాభై తొమ్మిది. ఈ ఆదివారానికి కూడా నేను ఓమాకి ఇవ్వాల్సింది, ఒకటి.