బోధ విన్న మర్నాడు

ఆ రోజుల్లో ఉప్పల్ నుంచి నాచారం ఫ్యాక్టరీకి పనికి పోయేవాణ్ణి. ఏడో తరగతితోనే బడి మానేసినా, సెలవు దినాల్లో గ్రంథాలయంలో కూర్చుని మతాల చరిత్ర మీద దొరికిన పుస్తకాలన్నీ చదివేశాను. ఒక ఆదివారం సాయంత్రం మా వీధికి క్రైస్తవ బోధకుడు వస్తున్నాడని తెలిసి, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాను. పక్కింటి మామ కూడా వచ్చాడు. ఉమ్మడి బావి దగ్గర నీళ్ల వంతు కోసం తగువుపడి, ఆరేళ్లుగా సొంత అన్నతో మాట మానేసిన మనిషి.

బోధకుడు ఆ సాయంత్రం అన్నదమ్ముల పగ గురించే మాట్లాడాడు. పగ పెట్టుకుని చేసే ప్రార్థన దేవుడికి చేరదన్నాడు.

"మా పాలోడు, సొంత పెదనాయిన కొడుకు, నా బర్రెను గుంజుకపోయిండు. గది గూడ మాఫేనా?" అన్నాడు వెనక ఒకాయన. అందరూ నవ్వారు.

"బర్రెను అడుగు అన్నా. పగను ఇడువు" అన్నాడు బోధకుడు.

నేను లేచి, ఆ దేవుడి పేరే వినకుండా పోయిన మా తాతలు ఏమయ్యారని అడిగాను.

"గది నాకు తెల్వదు తమ్మీ" అన్నాడు బోధకుడు.

గెలిచినట్టు మామ వైపు చూశాను. మామ నేలచూపులు చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే పిలిచాడు. "అల్లుడా, జర మా అన్న ఇంటిదాక రా. ఒక్కణ్ణే పోతే కాళ్లు ఎనకకు గుంజుతున్నయి."

"తప్పు ఆయనది గద మామా?"

"ఆరేండ్ల సంది గదే తవ్వుకుంటున్న. ఇగ నాతోని గాదు."

మా వైపు మాటల్లేని వాళ్లింట్లో మంచినీళ్లు ముట్టరు. ముడితే పగ తీరినట్టే. మామ గడప బయట నిలబడి, "అన్నా, దూపైతున్నది. గిన్ని నీళ్లియ్యి" అన్నాడు.

లోపల మంచం మీదున్న అన్న తలెత్తాడు. "నిన్న మీటింగుల ఏం మందు వెట్టిన్రురా నీకు?"

"మందేం లేదు. నీళ్లియ్యి."

అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. చాలాసేపు నిలబడి, "రేపొస్త" అని మామ వెనుదిరిగాడు.

రోజూ వెళ్లాడు. బోధకుడి మాట నేనూ విన్నాను. నాకది ఖండించాల్సిన వాదంగానే మిగిలింది. తోడు మాత్రం పోయేవాణ్ణి, సిగ్గుపడుతూ.

వారం దాటాక ఒక పొద్దున గడప మీద నీళ్ల చెంబు కనిపించింది. ఇచ్చే చెయ్యి లేదు. మామ వంగి, రెండు చేతులతో ఎత్తుకుని, ఆపకుండా తాగాడు. గడ్డం తడిసిపోయింది.

లోపలి నుంచి అన్న గొంతు వినిపించింది.

"ఇంక కావాల్నా?"