ముందు గుద్దులు, తర్వాత ఇనుము

టైల్స్ గోడౌన్‌లో అతన్ని చెంపయ్య అని పిలవడం మొదలై ఏడు నెలలైంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదది. సూపర్‌వైజర్ చెయ్యి పెట్టిన పేరు.

ఆ రోజు లారీని వెనక్కి రమ్మని సైగ చేసింది సూపర్‌వైజరే. బండి వచ్చి పేర్చిన పెట్టెలకు తగిలింది. నాలుగు పెట్టెలు పడి పగిలాయి. చప్పుడు విని యజమాని బయటికి వచ్చేసరికి, సూపర్‌వైజర్ పక్కనే ఉన్న ఇతని ఎడమ చెంప ఛెళ్లుమనిపించాడు.

"పేర్చడం చేతకాదురా నీకు? చీపురు ముట్టుకోకు. చేత్తో ఏరు. ఒక్కొక్కటీ!"

పదహారేళ్లుగా పెట్టెలు మోస్తున్న మనిషి, పన్నెండు మంది ముందు మోకాళ్ల మీద కూర్చుని ముక్కలు ఏరాడు. సైగ ఎవరు చేశారో ఆ పన్నెండు మందీ చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్లలో సొంత బావమరిది కూడా ఉన్నాడు.

ఇంట్లో భార్య అతని వేలిలో దిగిన పెంకును సూదితో తీస్తూ అడిగింది. "తిరిగి ఒక్కటి ఇవ్వలేకపోయావా?"

"ఇస్తే రేపు పని ఉండదు."

"అయితే పని పోకుండా ఇచ్చే చోటేదో వెతుక్కో."

ఆ చోటు ఎక్కడుందో సూపర్‌వైజరే రోజూ చెప్పేవాడు. ఆదివారాలు అతను బాక్సింగుకు వెళ్తాడు. టీ తాగేంతసేపూ అవే గొప్పలు. "రింగులో సారూ లేడు, కూలీ లేడు. దమ్మున్నోడు ఎవడైనా రావచ్చు" అనేవాడు, ఎవరూ రారన్న ధీమాతో.

జిమ్ ఒక పాత రేకుల షెడ్డు. ఒక పక్క రింగు, ఇంకో పక్క బరువులు. నడిపేది అరవై దాటిన కోచ్, అందరికీ కోచమ్మ. గోడ మీద ఎర్ర రంగుతో రెండే మాటలు రాయించింది: ముందు గుద్దులు, తర్వాత ఇనుము. తీసినవాళ్లే తిరిగి పెట్టాలి.

మొదటి మాటను చెంపయ్య లెక్కచేయలేదు. పొద్దంతా పెట్టెలు మోసేవాడికి ఇనుమొక లెక్కా అనుకున్నాడు. పని దిగి నేరుగా వచ్చి, కసిగా బరువుల బార్ ఎత్తి, ఆ తర్వాత కోచమ్మ ముందు నిలబడ్డాడు. రెండు నిమిషాలకే పిడికిళ్లు నడుము దగ్గరికి జారిపోయాయి. ఆమె తీరిగ్గా అతని రెండు చెంపలూ ప్యాడ్‌తో తట్టింది.

"ఏమయ్యా, తలుపు తీసి ఊరెళ్లిపోయావా?"

"చేతులు లేవడం లేదమ్మా."

"ఎందుకు లేస్తాయి? ఉన్న బలమంతా ఇనుముకి పోశావు. పైగా నీకు పట్టుకోవడమే వచ్చు, వదలడం రాదు. పిడికిలిని కూడా పెట్టెలాగే పట్టావు. తగిలే క్షణంలో బిగించు. మిగతా అంతా వదిలెయ్."

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే, పనికి ముందు వచ్చేవాడు. తాడాట, గుద్దే బ్యాగు, ప్యాడ్లు అయ్యాకే బరువులు. అవీ వారానికి రెండు రోజులే. వదలడం నేర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. కోపం మాత్రం వదల్లేదు. బ్యాగు మీద ఎడమ చెంప ఎక్కడ ఉంటుందో అతనికి తెలుసు.

ఆదివారాలు మూలన తాడు ఆడుతూ సూపర్‌వైజర్‌ను చూసేవాడు. ఆ మనిషి రాగానే అద్దం ముందుకు వెళ్తాడు. నరాలు తేలేదాకా బార్ ఎత్తుతాడు. అప్పుడు రింగెక్కి, కొత్తగా చేరినవాళ్లను ఒక్క రౌండులో ముగిస్తాడు. అతని రెండో రౌండు ఎవరూ చూడలేదు.

ఒకరోజు టీ దగ్గర చెంపయ్య అన్నాడు. "సార్, ఈ ఆదివారం నేను వస్తా."

సూపర్‌వైజర్ టీ పొలమారేలా నవ్వాడు. "ఏరా, రెండో చెంప ఖాళీగా ఉందని బెంగా?"

"అవును సార్. అందర్నీ రమ్మనండి, చూస్తారు."

పన్నెండు మందీ వచ్చారు, లారీ డ్రైవర్ కూడా. రింగు ఎక్కే ముందు బావమరిది భుజం గీరుకున్నాడు. "బావా, సార్‌ని రెచ్చగొట్టే మాట నాతో అనిపిస్తున్నావు. నా ఉద్యోగానికి ఎసరు పెడతావేమో!"

"ఆ రోజు రాని నోరు ఇవాళైనా తెరువురా."

బావమరిది అద్దం దగ్గరికి వెళ్లాడు. "సార్, మన లారీ డ్రైవర్ మీకన్నా పది కిలోలు ఎక్కువ ఎత్తుతానంటున్నాడు."

"వాడా?" సూపర్‌వైజర్ బార్‌కి ఇంకో రెండు ఇనుప ప్లేట్లు తగిలించాడు.

"ముందు రింగు" అంది కోచమ్మ, గోడ చూపిస్తూ.

"వీడికి అదంతా ఎందుకు మేడమ్!" అని ఎత్తాడు. మళ్లీ ఎత్తాడు. డ్రైవర్ చప్పట్లు కొట్టేదాకా ఎత్తుతూనే ఉన్నాడు. కోచమ్మ చెంపయ్య వైపు ఒక్కసారి చూసి గంట దగ్గర కూర్చుంది.

మొదటి రౌండులో చెంపయ్య ముక్కు నుంచి రక్తం కారింది. పన్నెండు మందిలో ఎవరో "పాపం" అన్నారు. అతను చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. రెండో రౌండులో నిమిషం గడిచింది. సూపర్‌వైజర్ పిడికిళ్లు గడ్డం కిందికి, తర్వాత ఛాతీకి, తర్వాత నడుముకి దిగాయి. తలుపు తెరుచుకుంది.

ఒకటి కడుపులో. సూపర్‌వైజర్ వంగాడు. రెండోది ఎడమ చెంప మీద. ఏడు నెలలుగా దాచింది ఆ ఒక్కటే. దెబ్బ తగిలిన చోటు గ్లవ్ లోపలి నుంచి కూడా తెలిసింది. సూపర్‌వైజర్ తాళ్లు పట్టుకుని కూలబడ్డాడు. కోచమ్మ గంట కొట్టింది.

తల దించుకుని బయటికి వెళ్లబోతున్న మనిషిని చెంపయ్య పిలిచాడు.

"సార్. బార్ అలాగే ఉంది. తీసినవాళ్లే పెట్టాలి."

సూపర్‌వైజర్ కోచమ్మను చూశాడు. ఆమె గోడను చూసింది.

అతను వెనక్కి వచ్చి మొదటి ప్లేటు లాగాడు. ప్లేటు జారి నేల మీద గింగిరాలు తిరిగింది. రెండు ప్లేట్లు కలిపి తీయబోతే అసలు కదల్లేదు. బావమరిది సాయానికి ఒక అడుగు వేశాడు. చెంపయ్య అతని చొక్కా పట్టి ఆపాడు.

"ఒక్కొక్కటీ" అన్నాడు, పన్నెండు మందికీ వినపడేలా.

తర్వాత బెంచీ మీద కూర్చుని, చేతి కట్లు తీరిగ్గా విప్పుకుంటూ, ఆఖరి ప్లేటు దాని చోటికి చేరేదాకా చూశాడు.